షిఫ్టుల మధ్య ఆగమన కాలం

పటాన్‌చెరు దాటి ముంబై హైవే మీద ఇస్నాపూర్, రుద్రారం వైపు వస్తే పొద్దు ఎప్పుడు పొడిచిందో ఎప్పుడు గూకిందో కంపెనీ బస్సులు చెబుతాయి. ఉదయం ఆరుకు ఒక షిఫ్టు, మధ్యాహ్నం రెండుకు ఇంకొకటి, రాత్రి పదికి మూడోది, సీ షిఫ్టు. మందుల కంపెనీల్లో రియాక్టరు ఆదివారమని ఆగదు. 2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం వారపు సెలవు ఆదివారమేనంటూనే, దాన్ని మూడు రోజులు ముందుకో వెనక్కో జరుపుకొనే వీలు యాజమాన్యాలకు ఇచ్చింది. డిసెంబరు వచ్చేసరికి దీని మీద పండగ పని వచ్చి పడుతుంది. ఇంటికి రంగులు, మిద్దె మీద స్టారు, పిల్లల బట్టలు, వాటి కోసం ఓటీలు, రాత్రిళ్లు క్యారల్స్, వారం వారం సెమీ క్రిస్మస్‌లు. ఇక్కడ అద్దె ఇళ్లలో ఉండే కథోలిక కుటుంబానికి సరిగ్గా ఈ రోజులే క్రిస్మస్ కోసం ఎదురుచూసే ఆగమన కాలం. ఇంత సందట్లో ప్రార్థనకు చోటెక్కడిదని అడిగేవాళ్ల బాధ నిజమైనదే. అయితే వాళ్లు నింద మోపుతున్నది పని మీద. ఆగమన కాలాన్ని పాడుచేసేది పని ఒత్తిడి కాదని, ఎదురుచూడాల్సిన పండగను నెల ముందే తినేసి కూర్చోవడమని నా వాదన.

దీనికి ఆధారం శ్రీసభ చదివించే పఠనాల్లోనే ఉంది. మూడేళ్ల చక్రంలో ఆగమన కాలపు మొదటి ఆదివారానికి మూడు సువిశేష భాగాలు వస్తాయి. మత్తయి 24వ అధ్యాయంలో ప్రభువు వచ్చే వేళకు ఇద్దరు పొలంలో ఉంటారు, ఇద్దరు స్త్రీలు తిరగలి విసురుతుంటారు. మార్కు 13లో యజమాని దూరప్రయాణం పోతూ ఎవరి పని వారికి అప్పగిస్తాడు, వాకిలి కాచేవాణ్ణి మెలకువగా ఉండమంటాడు. ఆయన సందెవేళ వస్తాడో, నడిరాత్రో, కోడికూతకో, తెల్లవారో తెలియదు. రాత్రిని నాలుగు జాములుగా పంచుకుని డ్యూటీ చేసినవాళ్లకు తెలిసిన లెక్క అది. ఈ రెండు చోట్లా పని వదిలేసి రమ్మన్న మాట లేదు. పనిలో ఉన్నవాడే మెలకువగా ఉండాలి. మూడోది, లూకా 21, ఇంకా సూటిగా మాట్లాడుతుంది. అక్కడ గుండెను మొద్దుబార్చేవిగా విందుల మత్తునూ బతుకు చింతలనూ ప్రభువు ఒకే మాటలో కలిపి చెప్పాడు. డిసెంబరులో మన ఇళ్లలో ఈ రెండూ జంటగానే తిరుగుతాయి. పండగ ఘనంగా చేయాలన్న కోరికే అప్పు తెస్తుంది, అప్పు ఓటీకి పంపుతుంది, ఓటీ ప్రార్థన వేళను తినేస్తుంది. కాబట్టి తగ్గించుకోగలిగింది ఎక్కడో వెతకనక్కర్లేదు. షిఫ్టు మన చేతిలో లేదు, పండగ ఖర్చు చాలావరకు ఉంది.

క్రిస్మస్ కథలోనూ తమ సమయం తమ చేతిలో ఉన్నవాళ్లు తక్కువ. జోజప్ప, మరియమ్మ బెత్లెహేముకు వెళ్లింది సెలవు పెట్టి కాదు, ఔగుస్తు కైసరు జనాభా లెక్కల ఆజ్ఞకు తలవంచి. ప్రభువు పుట్టాడన్న వార్త మొదట అందింది రాత్రి మందను కాస్తున్న కాపరులకు. సీ షిఫ్టు చేసే మనిషి దేవునికి దూరంగా ఉన్నాననుకోవడానికి లూకా సువిశేషం చోటివ్వదు.

ఇంటిల్లిపాదీ ఒక్కచోట కూర్చునేదే లేనప్పుడు కుటుంబ ప్రార్థన ఎలా సాధ్యమని ఒక ఆక్షేపణ ఉంది. భర్తది ఒక వారం పగలు, ఒక వారం రాత్రి, భార్య ప్యాకింగ్ సెక్షన్‌లోనో బడిలోనో, పిల్లలకు ట్యూషన్. ఈ ఆక్షేపణ వెనక ఒక ఊహ ఉంది: కుటుంబ ప్రార్థన అంటే సాయంత్రం అందరూ చాప మీద కూర్చుని చెప్పే జపమాల. అది మంచి అలవాటే, కానీ అదొక్కటే రూపం కాదు. రెండో వాటికన్ మహాసభ 1964లో కుటుంబాన్ని ఇంటిలోని శ్రీసభగా పేర్కొంది. శ్రీసభే రోజంతా ఒక్కచోట కూర్చోదు, ఒకే పఠనాన్ని వేర్వేరు చోట్ల, వేర్వేరు వేళల్లో చదువుతుంది. ఆ రోజు సువిశేషాన్ని భర్త బస్సులో ఫోనులో చదివి, భార్య పొయ్యి దగ్గర వింటే ఇద్దరూ ఒకే ప్రార్థనలో ఉన్నట్టే. త్రికాల జపాన్ని చూడండి. మరియమ్మకు దూత తెచ్చిన మంగళవార్తను రోజుకు మూడుసార్లు తలచుకునే ఆ జపం రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం గుడి గంటతో చెప్పడం ఆనవాయితీ. గంట వినపడని చోట షిఫ్టు మారే వేళకు చెబితే తప్పేమీ లేదు. ఒకరు డ్యూటీకి బయల్దేరేటప్పుడు ఉన్నవాళ్లంతా గడప దగ్గర నిలబడి చెప్పుకోవచ్చు. ఆదివారం డ్యూటీ పడితే శనివారం సాయంత్రం పూజ ఉన్న చోటికి వెళ్లవచ్చు, శ్రీసభ చట్టం దాన్ని ఆదివారపు బాధ్యత కిందే లెక్కిస్తుంది.

ఫ్యాక్టరీ బతుకులో నియమాలు సాగవన్న మాట ఈ ప్రాంతంలో నిలవదు. నవంబరు మధ్యలో మొదలయ్యే అయ్యప్ప మండలదీక్ష 41 రోజులు. నల్లబట్టల స్వాములు చన్నీటి స్నానం, నేల పడక, పూజ మానకుండానే షిఫ్టులకూ వెళ్లివస్తారు. రంజాన్ మాసంలో ఉపవాసంతో మెషీన్ ముందు నిలబడే ముస్లిం సోదరులు ఉన్నారు. వాళ్లను చూసి పోటీ పడమనడం లేదు. పనిగంటలు ఇలాగే ఉన్నా కాలాన్ని దేవునికి అర్పించవచ్చని మన పొరుగువాళ్లు కళ్ల ముందే చూపిస్తున్నారు. పైగా మన మీద పడే బరువు తక్కువ. 380లో సరగొస్సా సభ డిసెంబరు 17 నుంచి 21 రోజులు ఎవరూ గుడికి దూరంగా ఉండరాదంది. ఆరో శతాబ్దంలో గాల్ దేశపు సభ నవంబరు 11 మొదలు క్రిస్మస్ దాకా వారానికి మూడు ఉపవాసాలు పెట్టింది. నేటి చట్టం అలాంటివేవీ తప్పనిసరి చేయలేదు. 1969 నాటి ఆరాధనా నియమాలు దీన్ని భక్తితో, ఆనందంతో ఎదురుచూసే కాలమన్నాయి. ఊదారంగు వస్త్రాలున్నా, మహిమ గీతం పాడకపోయినా, ఇది తపస్సు కాలం కాదు.

అసలు చిక్కు సెమీ క్రిస్మస్ దగ్గర వస్తుంది. క్రైస్తవులు కొద్దిమందే ఉన్న చోట డిసెంబరు మొదటి వారం నుంచే పాటలు, కేకు, విందు కలుపుగోలుతనాన్ని పెంచుతాయని, వాటిని కాదనడం గిరిగీసుకుని కూర్చోవడమని చాలామంది అంటారు. ఈ మాటలో బలముంది. ప్రొటెస్టెంటు పొరుగువారు పిలిస్తే వెళ్లాలి, వాళ్ల సంతోషంలో పాలుపంచుకోవాలి. ఆగమన కాలం పేరు చెప్పి పిలుపును తిప్పికొట్టేవాడు ప్రేమను తప్పుతున్నాడు. కానీ బయటి విందుకు వెళ్లడం వేరు, ఇంట్లోనూ క్రిస్మస్‌ను డిసెంబరు ఒకటికే ముగించేయడం వేరు. 1223లో అస్సీసీ ఫ్రాన్సిస్ వారు గ్రెచ్చోలో పశువుల పాకను కట్టించిన నాటి నుంచి వస్తున్న ఆచారం ఇక్కడ సాయపడుతుంది. పోపు ఫ్రాన్సిస్ 2019 డిసెంబరు 1న అదే ఊళ్లో సంతకం చేసిన లేఖలో, క్రిస్మస్‌కు ముందు రోజుల్లో ఇళ్లలో పాక కట్టే అలవాటును ప్రోత్సహించారు. పాక ముందే కట్టవచ్చు, తొట్టి మాత్రం 24వ తేదీ రాత్రి దాకా ఖాళీగా ఉంచాలి. బాలయేసు ఏడీ అని పిల్లలు రోజూ అడుగుతారు. ఆ ప్రశ్న మొలవడానికే ఈ కాలం ఉంది. అన్నీ ముందే నిండిపోయిన ఇంట్లో అది పుట్టదు.

ఆగమన కాలంలో ఇంట్లో వెలిగించే నాలుగు కొవ్వొత్తుల వలయం విదేశీ సరుకు కదా అనేవాళ్లూ ఉన్నారు. దాని పుట్టుక తెలిస్తే ఈ మాట పలచబడుతుంది. 1839లో హాంబర్గ్‌లో పేద పిల్లల కోసం ఆశ్రమం నడిపిన యోహాన్ విఖెర్న్ అనే లూథరన్ బోధకుడు, క్రిస్మస్ ఎప్పుడని అడిగే పిల్లల కోసం బండి చక్రానికి కొవ్వొత్తులు పెట్టాడు. కథోలికులు ఆ తర్వాతే దాన్ని తమ ఇళ్లలోకి తెచ్చుకున్నారు. చేతికందిన చక్రమే అక్కడ సరిపోయింది. రుద్రారంలో ఊదారంగు కొవ్వొత్తులు దొరక్కపోతే కిరాణా కొట్టు తెల్లవే చాలు, మామిడి కొమ్మలు చాలు.

ఒక విషయంలో మాత్రం ఇల్లు కఠినంగా ఉండాలి. అరిసెలు, కజ్జికాయలు, గులాబీ పువ్వులు, బూజు దులపడం, బట్టలు కుట్టించడం అన్నీ అమ్మ మీద వేసి, ప్రార్థన చెప్పించే బాధ్యతనూ ఆమెకే ఇస్తే అది మరో డ్యూటీ అవుతుంది. మంగళవార్త విన్న మరియమ్మ చేసిన మొదటి పని, గర్భవతియైన ఎలిజబెతమ్మ ఇంటికి త్వరపడి వెళ్లి మూడు నెలలు ఉండడం. ఈ కాలపు భక్తికి అదే కొలత. భర్త, కొడుకులు వంటింట్లోకి రాని ఇంట్లో ఎన్ని కొవ్వొత్తులు వెలిగించినా ఆ కొలతకు తూగవు.

ఎదురుచూపు తియ్యనిదే అనుకోకూడదు కూడా. 2025 జూన్ 30న ఇక్కడికి దగ్గరలోని పాశమైలారంలో ఒక మందుల పరిశ్రమ పేలి 40 మందికి పైగా కార్మికులు చనిపోయారు. దూరరాష్ట్రాల నుంచి వచ్చిన కుటుంబాలు డీఎన్ఏ ఫలితాల కోసం రోజుల తరబడి కాచుకుని ఉన్నాయి. ఆగమన కాలం రెండు రాకల కాలం. ఒకటి బెత్లెహేములో జరిగిపోయింది, న్యాయం తీర్చే రెండోదాని కోసం శ్రీసభ ఇంకా ఎదురుచూస్తోంది. ఆ కుటుంబాల పేరున ఒక్క విన్నపం కూడా చేయని ప్రార్థన ఈ నేల మీద అసంపూర్ణం. జరిగినదాన్ని దేవుని శిక్షగా చెప్పే నోళ్లను ఇంట్లోకి రానివ్వకూడదు; సువిశేషం అలా చెప్పలేదు.

విందులు మానుకోవాలా అని అడిగితే, తేదీ మార్చుకోవాలంటాను. క్రిస్మస్ కాలం 25న మొదలై జనవరిలో ప్రభువు జ్ఞానస్నాన పండగ దాకా సాగుతుంది. తెలంగాణలో 26 కూడా సెలవే. తోటి కార్మికులను, ఇంటి ఓనరును, ఊరికి పోలేక గదిలోనే ఉండిపోయిన ఒడిశా, జార్ఖండ్ కుర్రాళ్లను భోజనానికి పిలవడానికి ఆ రోజులున్నాయి. 24 రాత్రి సీ షిఫ్టు పడినవాడు 25న నిద్ర తీరాక కూర్చున్నా, పండగ అప్పుడే మొదలై ఉంటుంది.