మోటారుకి జాతకం చూపిస్తామా?

మీ ఇంట్లో మోటారు ఆగిపోతే ఏం చేస్తారు? జాతకం చూపించరు. పోయిన జన్మలో ఏ పాపం చేసిందో అని ఆలోచిస్తూ కూర్చోరు. మూత విప్పి లోపల చూస్తారు. మరి మనిషికి ఊపిరి అందకపోతే మాత్రం ‘వాడి కర్మ’ అంటామెందుకు? ఈ ప్రశ్న నాకు పుస్తకం చదువుతుంటే రాలేదు. రాళ్లు కోసే పాత మిషను ఒకటి బాగు చేయిస్తుంటే వచ్చింది.

మా పేటలో ఒక తమ్ముడు ఉంగరాల రాళ్లు, లాకెట్ల రాళ్లు కోసి సానబెడతాడు. తండ్రి దగ్గర నేర్చుకున్న పని. ఆ తండ్రి దగ్గి దగ్గి పోయాడు. టీబీ అని మందులు వాడారు, తగ్గలేదు. పూర్వజన్మ ఫలం అన్నారు చుట్టాలు. ఆయన మిషను ఏళ్లుగా మూలన పడి తుప్పు పట్టింది. “దాన్ని లేపుదాం అన్నా, కూలికి పోలేకపోతున్నా” అంటూ వచ్చాడు. నేను బీఏ చదివినవాణ్ణి, ఫ్యూజు వేయడం కూడా రాదు. కొంత డబ్బు సర్ది, మోటార్ల మేస్త్రీని వెంటబెట్టుకు వెళ్లాను.

మిషను ఒకటే, పనులు రెండు. ఇరుసుకి ఒక కొసన కోత బ్లేడు, ఇంకో కొసన సానరాయి. బ్లేడుకి పళ్లుండవు, అంచునిండా వజ్రపు పొడి ఉంటుంది. కోత అంటాం గానీ అది నిజానికి రాయిని అరగదీస్తుంది. ఇరుసు బేరింగులు అరిగి చక్రం ఊగుతోంది. బెల్టు పగుళ్లిచ్చింది. అవి మార్చడం పెద్ద పని కాదు. చిక్కంతా అర హెచ్‌పీ మోటారుతోనే. స్విచ్చి వేస్తే ‘ఊఁ’ అని మూలుగుతుంది, తిరగదు. మేస్త్రి కర్రతో పుల్లీని ఒక్క తోపు తోస్తే అప్పుడు అందుకుంది. “కండెన్సరో, లోపలి స్విచ్చో” అన్నాడు. ప్లగ్గు పీకి, కండెన్సర్లో మిగిలిన కరెంటు దింపి, మూత విప్పాడు.

లోపల తెల్లటి పిండి గడ్డకట్టి ఉంది. వేగం అందుకోగానే విడిపోవాల్సిన స్విచ్చి ఆ పిండిలో ఇరుక్కుని, కొనలు మాడిపోయాయి. మేస్త్రి వేలితో గీకి చూపించాడు. “మూత బిగించిన మోటారులోకే ఇంత పోయిందంటే, పక్కన కూర్చున్న మనిషిలోకి ఎంత పోయుంటది సార్?” తమ్ముడు ఏం మాట్లాడలేదు. లేచి బయటికి వెళ్లాడు.

పటిచ్చ సముప్పాదం మీద నేను చాలా సభల్లో మాట్లాడాను. కారణం ఉంటే ఫలితం ఉంటుంది, కారణం తీసేస్తే ఫలితం పోతుంది అని. ఆ రోజు మేస్త్రి వేలి మీద చూసినంత స్పష్టంగా ఎప్పుడూ చూడలేదు.

అకీకు రాయి, స్ఫటికం అన్నీ క్వార్ట్జు జాతివే, అంటే సిలికా. కంటికి కనపడే పొడి ముక్కులో, గొంతులో ఆగుతుంది. కనపడనిది ఊపిరితిత్తుల అడుగుదాకా పోయి అక్కడ మచ్చలు కట్టిస్తుంది. దాని పేరు సిలికోసిస్. నయం చేసే మందు లేదు. చూడ్డానికి టీబీలా ఉంటుంది, పైగా టీబీని కూడా పిలుచుకొస్తుంది. గుజరాత్‌లోని ఖంభాత్‌లో ఇళ్లలోనే అకీకు సానబట్టే కుటుంబాలు ఇలాగే పోతున్నాయి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఈ జబ్బును తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బుల్లో చేర్చింది. అరుగు మీద ఒక్కడే కూర్చుని పనిచేసేవాడి ఇల్లు ఫ్యాక్టరీ కాదు కదా!

మన భట్టిప్రోలు స్తూపంలో 1892లో దొరికిన ధాతు కరండం కూడా స్ఫటికమే. దాని నునుపు చూసి పొంగిపోతాం, పొంగిపోవాల్సిందే. దాన్ని అరగదీసినవాళ్ల ఊపిరి సంగతి మాత్రం నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ మిషనులో బ్లేడు కింద నీళ్ల తొట్టి ఉంది. నీళ్లు లేకపోతే బ్లేడు వేడెక్కి పాడైపోతుంది, అది ఖరీదైనది. సానరాయికి తొట్టి లేదు. పొడిగా నడిచినా దానికేం కాదు, అయ్యేది మనిషికే. అంటే ఆ తయారీలో బ్లేడుకి నీళ్లు ఉన్నాయి, మనిషికి లేవు.

సమ్మా ఆజీవం అంటే మనం ఐదు వ్యాపారాలు వల్లిస్తాం: ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు, విషం. రాయి కోసేవాడు ఈ ఐదింట్లోనూ రాడు. మరి వాడి పని సమ్యక్కేనా? విషం అమ్మడం తప్పయితే, పూట గడవడానికి విషం పీల్చేవాడి మాటేమిటి? వాడికి శీలం చెప్పడానికి నాకు నోరు రాలేదు. తప్పు వాడిది కాదు. మరి ఆ మిషను బాగు చేయించి చేతికిచ్చే నా మాటేమిటి? పని చేసేముందు, చేసేటప్పుడు, చేశాక, అది తనకో ఎదుటివాడికో హాని చేస్తుందేమో అద్దంలో చూసుకున్నట్టు చూసుకోమని తథాగతుడు రాహులుడికి చెప్పాడు. నేను ముందు చూసుకోలేదు. మోటారు విప్పాకే చూసుకున్నాను.

ఇవ్వకపోతే వాడు పస్తు. అందుకే ఇంకో వారం ఆపాం. సానరాయి మీద మేకుకి సెలైన్ బాటిల్ కట్టి, దాని గొట్టంతోనే చుక్కచుక్కగా నీళ్లు పడేలా చేశాం. చిందకుండా రబ్బరు ముక్క అడ్డం పెట్టాం. తడి ఉన్నచోట కరెంటు కాబట్టి మేస్త్రి పట్టుబట్టి ఎర్తు వైరు లాగాడు. మూతికి కట్టే జేబురుమాలు ఆ సన్నపొడిని ఆపలేదని చెప్పి మంచి మాస్కు తెప్పించాం. అన్నీ అయ్యాయనుకున్నాక మేస్త్రి ఇంకోటి అడిగాడు: “పొద్దున్నే ఊడ్చేదెవరు?” వాళ్లావిడ. తడి బురద ఎండితే మళ్లీ పొడే, చీపురు వేస్తే లేస్తుంది. ఆమె తడిగుడ్డతో తుడవడం మొదలుపెట్టింది, పాపని ఎత్తుకుని కాదు. ఆమె సంగతి నాకు తట్టనే లేదని ఇక్కడ ఒప్పుకుంటున్నాను.

మిషను ఇప్పుడు బాగా తిరుగుతోంది. మా వీధికి కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది. మొన్న విహారం దగ్గర కలిసినప్పుడు అడిగాను, “నీళ్లు రాని రోజు సానబట్టడం ఆపేస్తున్నావా తమ్ముడూ?” అని.

నవ్వి, “ఆర్డర్లున్నాయి అన్నా” అన్నాడు.