చనిపోయినవాడి బాకీ

"ఒకరి బలవంతముగాని ప్రేరేపణగాని లేకుండా, స్వస్థచిత్తముతో రాసి ఇచ్చిన హక్కు విడుదల పత్రము" అని నేను ఎన్ని దస్తావేజుల్లో రాశానో లెక్కలేదు. చెల్లెలు వేలిముద్ర వేస్తుంటుంది, అన్న ఆమె వెనకే నిలబడి ఉంటాడు. అయినా ఆ వాక్యం రాయక తప్పదు. ఇది నా వృత్తి. అందుకేనేమో, ఢిల్లీ సుల్తాను ఫిరోజ్ షా తుగ్లక్ పాలనలో కాలువలకంటే, కోటలకంటే ఒక కాగితాల పెట్టె మీదికే నా మనసు పోతుంది.

1351లో సింధులోని తట్టా దగ్గర, దండయాత్ర మధ్యలో మహమ్మద్ బిన్ తుగ్లక్ చనిపోయాడు. పినతండ్రి కొడుకు ఫిరోజ్ గద్దెనెక్కాడు. మహమ్మద్ ఆజ్ఞలతో ప్రాణాలు పోయినవాళ్లు, కళ్లో ముక్కో కాలో చెయ్యో పోగొట్టుకున్నవాళ్లు ఎందరో. ఫిరోజ్ బాధితులకూ, చచ్చిపోయినవాళ్ల వారసులకూ కానుకలిచ్చి, తమకు తృప్తి అయిందని సాక్షులతో సహా పత్రాలు రాయించుకున్నాడు. వాటిని ఒక పెట్టెలో వేసి అన్నగారి సమాధికి తలవైపు పెట్టించాడు, దేవుడు కరుణిస్తాడన్న ఆశతో. 'ఫుతూహాత్-ఎ-ఫిరోజ్‌షాహీ'లో తనే చెప్పుకున్నాడు ఈ సంగతి.

దీని వెనక పిచ్చి నమ్మకం కాదు, ధర్మశాస్త్రం ఉంది. ఇస్లాంలో అల్లాహ్ హక్కులు వేరు, మనుషుల హక్కులు వేరు. సాటి మనిషికి చేసిన అన్యాయాన్ని ఆ మనిషే వదులుకోవాలి. హత్య అయితే ప్రతీకారం వదులుకునే అధికారం వారసులది. ఫిరోజ్ ఆ దారినే నడిచాడు.

సుల్తాను కానుక చేతిలో పెట్టి సంతకం అడిగితే కాదనేదెవరు? నరికించుకున్నవాడి తరఫున కొడుకు క్షమిస్తే వాడు క్షమించినట్టేనా? ఈ ప్రశ్నలకు నా దగ్గర జవాబు లేదు. అయినా ఆ పెట్టెను తీసిపారేయలేను. బాకీయే లేదనుకునేవాడికి చెల్లుచీటీతో పనేముంది? ముందటి సుల్తాను తప్పు చేశాడని తర్వాతి సుల్తాను సాక్షులను పెట్టి మరీ ఒప్పుకున్నట్టే కదా!

అప్పటి వజీరు ఖానె జహాన్ మక్బూల్ మన ఓరుగల్లువాడు. 1323లో ప్రతాపరుద్రుడి రాజ్యం కూలాక ఢిల్లీ చేరి ముసల్మాను అయ్యాడు. మారన మార్కండేయ పురాణం అంకితం పుచ్చుకున్న గన్నయ ఇతనేనని మన చరిత్రకారుల్లో కొందరి మాట. పోయిన చేతికి ఇంత, పోయిన కంటికి ఇంత అన్న లెక్కలు ఈయన కచేరీ మీదుగానే వెళ్లి ఉంటాయని నా ఊహ.

చిత్రహింసల శిక్షలను ఫిరోజ్ ఆపించాడు. షరియత్‌లో లేని పన్నులు కొట్టేసి ఖరాజ్ (భూమిశిస్తు), జకాత్ (ముసల్మానుల ధర్మపు పన్ను), జిజియా (ముస్లిమేతరుల తలపన్ను), ఖుమ్స్ (యుద్ధపు సొత్తులో వాటా) మాత్రం ఉంచాడు. యుద్ధంలో దొరికిన సొత్తులో ఖజానా అయిదో వంతే తీసుకోవాలని, మిగిలింది సైనికులదని తేల్చాడు. అదే షరియత్ తిప్పి చూస్తే, అంతదాకా జిజియా కట్టని బ్రాహ్మణులు కట్టాలని తేలింది. వాళ్లు కోట ముందు తగలబడి చస్తామన్నారు, రోజుల తరబడి పస్తులున్నారు. సుల్తాను కరగలేదు. చివరికి ఢిల్లీలోని తక్కిన హిందువులు వాళ్ల పన్ను తాము కడతామన్నారు. ఆ తర్వాత తలకు 10 టంకాల 50 జీతళ్లకు తగ్గించాడని చరిత్రకారుడు షమ్స్ సిరాజ్ అఫీఫ్ రాశాడు. ఒకరి బాకీ ఇంకొకరు తీర్చడం ఇక్కడా నడిచింది, సుల్తానూ ఒప్పుకున్నాడు.

ఒప్పుకోనిదీ ఉంది. ఇంట్లో బహిరంగంగా విగ్రహపూజ చేయిస్తున్నాడని, ముసల్మానులూ అక్కడికి వెళ్తున్నారని ఒక బ్రాహ్మణుణ్ణి పట్టుకొచ్చారు. మతం మారనన్నాడు. సుల్తాను అతణ్ణి దర్బారు ఎదుట తగలబెట్టించాడు. చేతులు నరకడం మాన్పించినవాడే! నాకు దీన్ని కపటం అనాలనిపించదు. ఆయన పాపభీతి నిజమైనదే. ఎవరి పట్ల పాపం, ఎవరి పట్ల కాదు అన్నది మాత్రం మతపండితులైన ఉలేమాలు చెప్పిన గీత దగ్గరే ఆగిపోయింది. అన్న చేసిన గాయాలు గీతకు ఇవతల పడ్డాయి, ఈ మనిషి ఒళ్లు అవతల.

1388లో ఫిరోజ్ పోయాడు. ఆయన తరఫున ఆ బ్రాహ్మణుడి వారసుల గడప తొక్కినవాళ్లెవరూ చరిత్రలో కనిపించరు. కొడుకులూ మనవలూ గద్దె కోసం ఒకరినొకరు చంపుకునే పనిలో ఉన్నారు.