రేకు మీది గీత ఎవరిది?

పాత కార్టూను చిత్రాల కోసం సెల్యులాయిడ్ రేకుల మీద చేతితో వేసిన బొమ్మలను కొని దాచుకునే రసికులు అమెరికాలో అనేకులున్నారు. 1937 డిసెంబరులో తొలిసారి ప్రదర్శించిన డిస్నీ 'స్నో వైట్' బొమ్మ చేజిక్కుతుందంటే వేల డాలర్లు పోస్తారు. పోయనివ్వండి. వారు కొంటున్నది ఎవరి పని అన్నదే మన ప్రశ్న.

చిత్రకారుడు కాగితం మీద పెన్సిలుతో బొమ్మ వేస్తాడు. దాని మీద పారదర్శకమైన రేకు పరచి, సిరాతో ఆ గీతలను ఎక్కించేది స్త్రీలు. రేకు తిరగేసి వెనకవైపు రంగులు నింపేదీ స్త్రీలే. సెకనుకు 24 ఫ్రేములు. చెయ్యి వెంట్రుకవాసి వణికినా తెరమీద బొమ్మ వణుకుతుంది. వారానికి వారికి దక్కింది ఇరవై డాలర్ల లోపు. ఫొటో తీయడం ముగిశాక ఎన్నో రేకులను కడిగి మళ్లీ వాడుకున్నారు.

1938లో ఉద్యోగం కోరిన ఒక యువతికి డిస్నీ స్టూడియో జవాబు రాసింది: సృజనాత్మకమైన పని యావత్తూ యువకులదేననీ, స్త్రీలకు మిగిలింది సిరా గీతలూ రంగులూ మాత్రమేననీ దాని సారాంశం. అదే సంవత్సరం శాన్‌ఫ్రాన్సిస్కోలోని కూర్వాజియే గ్యాలరీ ద్వారా ఆ సిరా గీతలనే, ఆ రంగులనే కళాఖండాలుగా అమ్మకానికి పెట్టారు! జీతం దగ్గర కళ కానిది ధర దగ్గర కళ ఎట్లా అయింది?

ఊహ చిత్రకారుడిది, స్త్రీలది నకలు మాత్రమే అని మన పండితులే కొందరు అనవచ్చు. అయితే గోడకు పెన్సిలు కాగితమే తగిలించాలి కదా? దానికీ కొనేవారున్నారు గాని, రంగుల రేకు మీద ఉన్న మోజు దాని మీద లేదు. ఊహకు గౌరవమిచ్చి చేతిపనికి డబ్బిచ్చే ఈ బేరంలో, ఆ చేతికి మాత్రం రెండూ దక్కలేదు.

1941 మేలో ఆ స్టూడియోలో సమ్మె జరిగినప్పుడు సిరా, రంగుల విభాగం స్త్రీలు కొందరు అందులో నిలిచారు. జీతాలతోపాటు తెరమీద పేర్లు లేకపోవడం కూడా అప్పటి ఫిర్యాదులలో ఒకటి. 1961 నాటి డాల్మేషియన్ల చిత్రంలో సిరా గీత పనిని జిరాక్స్ యంత్రం తీసుకుంది. 1990 నుంచి రంగుల పని కంప్యూటరుకు పోయింది. ఇక పుట్టదని తేలిన వస్తువుకు గిరాకీ పెరగడంలో వింత లేదు.

సేకర్తలను నిందించి లాభం లేదు. స్టూడియో కడిగి పారేయగలిగినదాన్ని భద్రపరచింది వారే. 2017లో మిండీ జాన్సన్ ఈ స్త్రీలను గురించి పెద్ద గ్రంథమే వెలువరించారు. రేకుల మీద మాత్రం సాధారణంగా వారి సంతకాలు కనిపించవు. కొన్నిటి మీద కనిపించేది వాల్ట్ డిస్నీ సంతకం.