వచ్చే వారం కనపడండి

ఏసీ సర్వీసింగ్ పనిలో డబ్బు ఎప్పుడు చేతికొస్తుందో భవనాన్ని చూసి చెప్పేయొచ్చు. విజయవాడలో ఏ రెండు గదుల అద్దింట్లోనో గ్యాస్ నింపామనుకోండి, నిచ్చెన దించేలోపే ఫోన్‌పే మోగుతుంది. ముందు మజ్జిగ కూడా ఇస్తారు. అదే పని పెద్ద కాలేజీలోనో ఆస్పత్రిలోనో చేస్తే, బిల్లు ఎకౌంట్స్ సెక్షన్‌కి వెళ్లి, అక్కడి నుంచి ‘పైకి’ వెళ్తుంది. ఆ పైన ఉండేదెవరో నేనెన్నడూ చూడలేదు. ఆయన ఊళ్లో లేరన్న సంగతి మాత్రం ఎప్పుడెళ్లినా తెలుస్తుంది.

ఉన్నవాళ్లకే చెయ్యి రాదని తిట్టుకుంటే మనసు చల్లబడుతుంది గానీ అసలు సంగతి అది కాదనిపిస్తుంది. ఆపినా ఏమీ కాదని తెలుసు, అందుకే ఆపుతారు. నాకు రావలసిన డబ్బు మూడు నెలలపాటు వాళ్ల ఖాతాలోనే ఉంటుంది, వడ్డీ లేకుండా. ఏ బ్యాంకూ వాళ్లకు అలా ఇవ్వదు.

సరుకు అమ్మేవాడికి కొంత నయం, తర్వాతి లోడు ఆపొచ్చు. చేసిన పనిని మాత్రం వెనక్కి తెచ్చుకోలేం. గది చల్లబడింది, పేషెంటు నిద్రపోయాడు, అంతే. ‘కన్యాశుల్కం’ మొదటి అంకంలోనే ఫొటో డబ్బుల కోసం ఫొటోగ్రాఫరు నౌకరు గిరీశం దగ్గరికొస్తాడు. గిరీశం వాణ్ణి మాటలతోనే సాగనంపుతాడు. 1892లో తొలిసారి ఆడిన నాటకం అది. అప్పటి నుంచి ఇప్పటిదాకా చూసి నవ్వుకునేవాళ్లంతా గిరీశం తెలివికే నవ్వుతారు. ఆ నౌకరు ఉత్త చేతులతో తిరిగెళ్లి యజమానికేం చెప్పాడో ఎవరికీ పట్టలేదు. నాకు మాత్రం ఆ తిరుగుదారి మీదే ధ్యాస.

ఆ ఎకౌంట్స్ గదిలో ఇంకో విచిత్రముంది. బాకీ ఉన్నవాళ్లు కుర్చీలో కూర్చుంటారు, రావలసినవాడు నిలబడతాడు. గొంతు తగ్గించుకునేదీ వాడే. మా నాన్న తరం దీన్ని పెద్దమనిషి తరహా అనేది. డబ్బు గురించి రెండోసారి ఎత్తకుండా ఉండటం మర్యాద. నేనూ ఆ మర్యాదలోనే పెరిగాను, అది చెడ్డదని అనను. కానీ దాని ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారో లెక్క చూడాలి కదా. రాగి పైపుకీ గ్యాస్ సిలిండర్‌కీ షాపులో రొక్కమే. బిల్లు మీద వేసిన 18 శాతం జీఎస్టీ, డబ్బు అందినా అందకపోయినా వచ్చే నెల 20కల్లా కట్టాల్సిందే. ఇక మిగిలేది శనివారం కూలి. నా మొహం చూసి మా కుర్రాడు, “సోమవారం ఇద్దువులే అన్నా” అంటాడు. వాడిది మంచితనమే. తీరా చూస్తే జరుగుతున్నదేమిటి? అందరికన్నా తక్కువ సంపాదించేవాడు, నిచ్చెనెక్కి ఎండలో ఔట్‌డోర్ యూనిట్ కడిగినవాడు, ఒక కాలేజీ యాజమాన్యానికి అప్పిస్తున్నాడు. మధ్యలో నేను ఓర్పుగలవాణ్ణని పేరు తెచ్చుకుంటున్నాను. ఆ ఓర్పు నా జేబులోంచి పోయినంతవరకూ నా ఇష్టం. వాడి జేబులోంచి పోయేదాన్ని దానం చేసే హక్కు నాకెక్కడిది?

చట్టం మన పక్షానే ఉంది, కాదనను. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ, చిన్న సంస్థకు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకుంటే 15 రోజుల్లో చెల్లించాలని 2006 ఎంఎస్ఎంఈ చట్టం చెబుతుంది. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. పెట్టామా, ఆ గేటు లోపలికి మళ్లీ పిలుపు రాదు. అందుకే చాలామందికి ఆ చట్టం బీరువాలో ఉంటుంది. 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకొచ్చిన ఆదాయపన్ను క్లాజు కొంచెం మేలు. గడువు దాటి, ఆ ఆర్థిక సంవత్సరం ముగిసేలోపూ మాకివ్వకపోతే ఆ ఖర్చును ఆ ఏడాది లెక్కలో చూపుకోవడం వాళ్లకు కుదరదు. అప్పట్నుంచి మార్చి వచ్చిందంటే ఎకౌంటెంట్లే ఫోన్ చేసి ఉద్యమ్ సర్టిఫికెట్ పంపమంటున్నారు. ధర్మం గుర్తొచ్చి కాదు, పన్ను గుర్తొచ్చి. అయితే ఏం, గుర్తొచ్చింది.

ఆలస్యాలన్నీ ఒకటి కావు. ఓ రిటైరైన టీచరుగారు పెన్షన్ పడ్డాక కొంత, వచ్చే నెల కొంత ఇస్తారు. ఆ మాట పని మొదలెట్టకముందే చెబుతారు. ఆవిడకు నేను ఫోన్ చెయ్యను, కుర్రాడి కూలి మాత్రం ఆ సాయంత్రమే నా చేతి నుంచి ఇచ్చేస్తాను. లేక ఆగేవారికీ, లెక్కలేక ఆపేవారికీ ఒకే నియమం పెడితే అది న్యాయంలా కనిపిస్తుంది గానీ కాదు. అలాగని ప్రతి ఒక్కరి గుండెలోకీ తొంగిచూడటం నా వల్లా కాదు. చాలాసార్లు తేల్చుకోలేను.

సంస్థలకైతే సామాను ఖర్చు ముందే తీసుకుంటున్నాను, బిల్లు పని అయిన రోజే పంపుతున్నాను, గడువు తేదీని పైనే పెద్దక్షరాల్లో వేస్తున్నాను. పాత బాకీ గురించి నోరు విప్పడానికి మే నెల మంచిది. జూన్‌లో నాలుగు చినుకులు పడ్డాయంటే వాళ్లకు నా నంబరుతో పనుండదు.