వాన రెండు ఇళ్ల మీదా కురిసింది



ఫిల్మ్ నగర్, కృష్ణానగర్ ప్రాంతాల్లో ఉండేవారికి సెట్టు అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. ముందునుంచి చూస్తే రాతికోట. వెనక్కి వెళ్లి చూస్తే ప్లైవుడ్ చెక్కలు, ప్లాస్టర్ ఆఫ్ పారిస్, ఊతంగా నిలబెట్టిన కర్రలు. ఏది నిజమైన రాయో, ఏది రంగు పూసిన చెక్కో కెమెరా కంటికి తెలియదు. గట్టి వాన వస్తే మాత్రం తెలిసిపోతుంది.

మత్తయి సువిశేషం 7వ అధ్యాయం చివర ప్రభువు ఇటువంటి ఉపమానమే చెప్పారు. ఒకడు రాతిమీద ఇల్లు కట్టాడు, ఇంకొకడు ఇసుకమీద కట్టాడు. చిన్ననాటినుంచి వింటున్న ఈ ఉపమానంలో ఒక సంగతిని మనం తరచు పట్టించుకోకుండా దాటిపోతాం. వానా, వరదా, గాలీ ఆ రెండు ఇళ్లనూ కొట్టాయి. తన మాట విని ఆచరించినవాడి ఇంటిని వాన తాకలేదని ప్రభువు చెప్పలేదు. తాకినా అది కూలలేదని మాత్రమే చెప్పారు.

ఇది ఎందుకు గుర్తుచేస్తున్నానంటే, కష్టంలో ఉన్న కుటుంబాల్లో విచారణ గురువుకు తరచు వినిపించే ప్రశ్న ఒకటుంది. "ఇంత ప్రార్థన చేశాం గదా ఫాదర్, అయినా మాకు ఈ కష్టం ఎందుకు? మా విశ్వాసంలోనే లోపం ఉందా?"

సినిమారంగాన్ని నమ్ముకున్న కుటుంబాలు ఈ మధ్య ఇటువంటి రోజులు చూశాయి. ఇక్కడ చాలామందికి నెలజీతాలు లేవు. పిలుపు వస్తేనే పని, పనికి వెళితేనే కూలి. 2020 మార్చిలో కరోనా కారణంగా షూటింగులు ఆగిపోయినప్పుడు లైట్లు మోసేవారి ఇళ్లలో, సెట్లు కట్టేవారి ఇళ్లలో, జూనియర్ ఆర్టిస్టుల ఇళ్లలో రాబడి ఒక్కసారిగా ఆగింది. అదే సమయంలో దేవాలయాల తలుపులూ మూతపడ్డాయి. ఆ ఏడు పునరుత్థాన పండుగను కూడా ఇళ్లలోనే జరుపుకొన్నాం. మళ్లీ 2025 ఆగస్టులో వేతనాల పెంపు కోసం జరిగిన సమ్మెలో 18 రోజులపాటు షూటింగులు నిలిచిపోయాయి. ఆ రోజుల్లో జపమాల చెప్పుకొంటూ ఇంటి అద్దె గురించి ఆలోచించని తల్లి ఉంటుందా?

ఇటువంటివారితో "నీ విశ్వాసం చాలలేదు" అనేవారు ఉన్నారు. ఈ మాట వినడానికి భక్తిగానే ఉంటుంది. కాని పవిత్ర గ్రంథం దీన్ని ఒప్పుకోదు. యోబు గ్రంథం చూడండి. లాభం లేకుండా యోబు దేవుణ్ణి సేవిస్తాడా అన్నది సైతాను వేసిన ప్రశ్న. అంటే, విశ్వాసమనేది ఒక బేరమని, సరుకు రాకపోతే బేరం తెగుతుందని వాడి వాదన. యోబు మిత్రులు కూడా దాదాపు ఆ లెక్కే వేశారు. కష్టం వచ్చిందంటే పాపం చేసి ఉంటావన్నారు. యోబు మాత్రం ఏడ్చాడు, వాదించాడు, దేవుణ్ణే నిలదీశాడు. చివరకు దేవుడు తప్పుపట్టినది ఎవరిని? 42వ అధ్యాయంలో ఆ మిత్రులనే మందలించి, యోబు పక్షాన మాట్లాడాడు. కాబట్టి కన్నీటితో దేవుణ్ణి ప్రశ్నించడం అవిశ్వాసం కాదు. ప్రశ్నించేవాడు ఇంకా దేవునితో మాట్లాడుతూనే ఉన్నాడు.

అయితే అడిగినది దొరకనప్పుడు ప్రార్థన దేనికి? ఇది న్యాయమైన ప్రశ్నే. పునీత అగుస్తీనుగారు ప్రోబా అనే వితంతువుకు రాసిన లేఖలో దీనిని చర్చించారు. మన అవసరం దేవునికి మనం చెప్పకముందే తెలుసు. ప్రార్థన ఆయనకు సమాచారం అందించడానికి కాదు, ఆయన ఇవ్వబోయేదాన్ని అందుకోగలిగేలా మన హృదయాన్ని విశాలం చేయడానికి అని ఆయన బోధన.

దీన్ని మన ఇళ్లలోని సంగతితో పోల్చి చూద్దాం. వివాహ సమయంలో పీఠం ముందు దంపతులు ఆరోగ్యంలోనూ అనారోగ్యంలోనూ విడవమని మాట ఇచ్చుకొంటారు. భర్త మంచాన పడినప్పుడు భార్య చేయి పట్టుకొని కూర్చుంటే జ్వరం ఒక్క డిగ్రీ కూడా తగ్గకపోవచ్చు. అయినా ఆ చేయి వృథా అని ఏ రోగీ అనడు. గెత్సెమని తోటలో పాత్ర తొలగలేదు. బలపరచే దూత వచ్చాడని లూకాగారు రాశారు. పునీత పౌలుగారు మూడుసార్లు ప్రార్థించినా ముల్లు పోలేదు, కృప దొరికింది. స్వస్థత కోసం, పని కోసం మనం తప్పక అడగాలి. ప్రభువే అడగమన్నారు. కాని మన ఆధారం అడిగిన వస్తువు కాదు, ఇచ్చేవాడు. ఆయన సిలువమీద మరణించి మూడవనాడు లేచినవాడు గనుక, ఏ కష్టానికీ చివరి మాట చెప్పే అధికారం లేదు.

ఇంకొక పొరపాటు కూడా ఉంది. "దేవుడే చూసుకుంటాడు" అని చేతులు ముడుచుకొని కూర్చోవడం. ఇది విశ్వాసం పేరు పెట్టుకొన్న సోమరితనం. న్యాయమైన కూలి అడగడం భక్తికి విరుద్ధం కాదు. కోతవారికి ఎగవేసిన కూలి దేవుని చెవిలో మొరపెడుతుందని పునీత యాకోబుగారి లేఖ చెబుతోంది. 1891లో 13వ లియో పోపుగారు శ్రామికుల హక్కులపై విశ్వలేఖ వెలువరించారు. 2025 మే నెలలో ఎన్నికైన 14వ లియో పోపుగారు ఆ పేరు ఎంచుకోవడానికి ఆ లేఖే ముఖ్య కారణమని స్వయంగా తెలిపారు. వైద్యుని దగ్గరకు వెళ్లడం, అప్పు గురించి నోరు విప్పి చెప్పడం, కొత్త పని నేర్చుకోవడం — ఇవన్నీ కూడా దేవుణ్ణి నమ్మినవాడు చేసే పనులే.

మరి అసలు ప్రార్థించే శక్తే లేనివాడి మాట? మార్కు సువిశేషం 2వ అధ్యాయంలో పక్షవాత రోగిని నలుగురు మోసుకొచ్చి, ఇంటి పైకప్పు తీసి ప్రభువు ముందుకు దించారు. ప్రభువు చూసినది వారి విశ్వాసాన్ని అని రాసి ఉంది. విశ్వాసం ఒంటరిగా మోయవలసిన బరువు కాదు. నా విశ్వాసం సన్నగిల్లిన రోజున నన్ను మోయడానికే శ్రీసభ ఉంది. 2020లో చిరంజీవిగారి చొరవతో కరోనా క్రైసిస్ చారిటీ ఏర్పడి సినీ కార్మికుల ఇళ్లకు నిత్యావసర సరుకులు చేర్చింది. సినిమావారు తమవారి కోసం అంత చేస్తే, ఒకే దివ్యసత్ప్రసాదం పంచుకొనే మనం ఎంత చేయాలి?

కాబట్టి ప్రియ పాఠకులారా, ఈ ఆదివారం దివ్యబలిపూజ తరువాత ఒక్క పని చేయండి. పూజకు రావడం మానేసిన కుటుంబం మీ వీధిలో ఉంటే వారి తలుపు తట్టండి. ఉపదేశం చేయవద్దు, కారణాలు చెప్పవద్దు. కాసేపట్లో లాజరును లేపబోతున్న ప్రభువు కూడా ముందు ఆ అక్కచెల్లెళ్లతో కలిసి కన్నీరు కార్చారు. వెళ్లి కూర్చోండి, బియ్యం ఉన్నాయేమో కనుక్కోండి, వారు ఒప్పుకొంటే కలిసి ఒక పరలోక జపం చెప్పండి. ఇక కష్టంలో ఉన్నది మీరే అయితే, తలుపు తట్టినవారికి తెరవండి. ప్రభువు మీ ఇంటికి పంపిన ఆ నలుగురిలో వారు ఒకరు కావచ్చు.