యాడుంటావు పాపా?

మడకశిర ఆడపిల్ల డిగ్రీదాకా ఊళ్లోనో, హిందూపురం బస్సుతోనో నెట్టుకురాగలదు. ఎమ్మెస్సీ అంటే అనంతపురం, శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం. వంద కిలోమీటర్ల పైమాటే. శనక్కాయ ఎండిపోయిన ఏడు కూడా ఫీజుకు ఎట్లో తంటాలు పడతారు. “యాడుంటావు పాపా?” అన్నదగ్గరే మాట ఆగిపోతుంది.

1930ల్లో దుర్గాబాయి దేశ్‌ముఖ్‌కీ ఇదే చిక్కు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చేరబోతే, ఆడపిల్లలకు హాస్టల్ లేదన్నారు వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి. ఆవిడ పత్రికల్లో ప్రకటన వేయించారు. చదవాలని ఉండీ వసతి లేక ఆగిపోయిన అమ్మాయిల్ని పోగుచేసి, తానే హాస్టల్ మొదలుపెట్టారు. తర్వాత మద్రాసులో లా పట్టా, 1946లో రాజ్యాంగసభ సభ్యత్వం. నాకైతే ఆ హాస్టలే మిన్న అనిపిస్తుంది.

స్కాలర్‌షిప్పుల గురించి గట్టిగానే అడుగుతాం. హాస్టల్ సీట్ల గురించీ అంతే గట్టిగా అడగండి, అడ్మిషన్లకు ముందే.