కొట్టు తలుపు

ధ్యానభాగములు: 1 రాజులు 6:31–34, నెహెమ్యా 3:14



మా మందిరము వెనుక ఒక చిన్న కొట్టు ఉన్నది. చాపలు, ప్రేమవిందు గుండిగలు, సమాధులు త్రవ్వు పారలు, వెలగని పాత పెట్రోమాక్సు దీపము అందులో ఉండును. మా తాతల నాడు రాతితోను మట్టితోను కట్టిన గోడలవి. ఈ యేటి వానలకు దాని తలుపు అడుగున కుళ్లి, చెదపట్టి, ఒక రాత్రి బందులతో సహా ఊడి పడెను. తెల్లవారి చూడగా కుక్కలు చాపలమీద పండుకొనియుండెను.

సంఘపెద్దలమైన మేము ఇద్దరము పట్నము పోయి, సిద్ధముగా చేసి అమ్ము తలుపులను చూచితిమి. ఏడడుగులవి, ఆరున్నర అడుగులవి ఉన్నవి. మా కొట్టు గుమ్మము ఎత్తు అయిదడుగుల మూడంగుళములు మాత్రమే. గోడ కొంచెము పగులగొట్టించుకొనిన సరిపోవునని అంగడివాడు చెప్పెను. మాకును అదే తెలివైన మాటగా తోచెను.

మా ఊరి వడ్రంగి వచ్చి, గుమ్మముమీది దూలమును చూపి, “అయ్యా, దీన్ని కదిపితే కప్పు మీ నెత్తిన పడుద్ది. తలుపు కోసం గోడ కొట్టకూడదు. గోడను చూసి తలుపు కొయ్యాలి” అనెను. పిమ్మట పైన, నడుమ, క్రింద మూడు చోట్ల వెడల్పు కొలిచెను. పైకంటె క్రింద రెండంగుళములు ఎక్కువ. మూలనుండి మూలకు త్రాడు పట్టి చూడగా ఆ రెండు కొలతలును ఒకటి కాలేదు. గుమ్మము ఒక ప్రక్కకు ఒరిగియున్నది. ఇన్ని యేండ్లు అందులో వంగి దూరుచున్న మాకు ఆ సంగతి తెలియదు!

అతడు ఆ వంకరకు తగినట్టే బల్లలు కోసెను. వానలకు కర్ర ఉబ్బును గనుక చుట్టును కొంత సందు విడిచెను. మూడు అడ్డబద్దలు కొట్టి, వాటి నడుమ ఏటవాలుగా, క్రింది బందు వైపునుండి గొళ్లెము వైపునకు పైకి లేచునట్లు వేరొక బద్ద బిగించెను. అది లేనియెడల తలుపు తన బరువునకే వ్రేలాడి నేలను గీరునట. పాత తలుపునకు ఆ బద్ద లేదు. అది ఏండ్ల తరబడి తడినేలను గీరి గీరి కుళ్లినది. మేము వానలను నిందించితిమి.

సొలొమోను దేవాలయము కట్టించిన సంగతి చదువునప్పుడు బంగారమును, కెరూబులను చూచి మనము ఆశ్చర్యపడుదుము. ద్వారబంధముల కొలతను దాటిపోవుదుము. గర్భాలయపు ద్వారబంధము గోడలో అయిదవ వంతనియు, బయటి దానిది నాలుగవ వంతనియు అక్కడ వ్రాయబడియున్నది. గోడను బట్టియే కొలత చెప్పబడెను. నెహెమ్యా దినములలో యెరూషలేము గోడ ఏబదిరెండు దినములలో ముగిసెను గాని, బీటలన్నియు పూడిన తరువాత కూడ తలుపులు నిలుపుట కొంతకాలము మిగిలియుండెను. పెంటగుమ్మమునకు తలుపులు నిలిపి గడియలు అమర్చిన మల్కీయా ఒక ప్రదేశమునకు అధిపతి. చెత్త మోసికొనిపోవు గుమ్మమని అతడు దానిని తక్కువగా ఎంచలేదు. పరిశుద్ధ గ్రంథము అతని పేరును, అతని తండ్రి పేరును భద్రపరచెను.

ఇప్పుడు మా తప్పిదము చెప్పవలెను. మా ఊర గొఱ్ఱెలు కాయు పడుచువాడొకడు బాప్తిస్మము కోరి మాయొద్దకు వచ్చెను. తరగతి రాత్రి ఏడు గంటలకు. ఆ వేళకు అతడు మందను దొడ్డికి తోలి, పిల్లలను తల్లులకు విడువవలెను. పైగా చదువు రాదు. ప్రశ్నోత్తరములు కంఠస్థము చేయలేకపోయెను. నాలుగు వారములు ఆలస్యముగా వచ్చి, అయిదవ వారము మానుకొనెను. అతనికి ఆసక్తి లేదని మేము పుస్తకములో వ్రాసికొంటిమి.

ప్రియులారా, ప్రభువు చెప్పిన ఇరుకు ద్వారమును వెడల్పు చేయు అధికారము మనకు లేదు. పశ్చాత్తాపమును, విశ్వాసమును ఎవరికొరకును తగ్గించలేము. అయితే రాత్రి ఏడు గంటల తరగతిని ప్రభువు నియమించెనా? అది మేము పట్నమునుండి తెచ్చిన తలుపు. అది పట్టలేదని ఆ పడుచువానిని పగులగొట్టితిమి. మన ప్రభువు మనయొద్దకు వచ్చినప్పుడు మన శరీరమునే ధరించుకొని, వడ్రంగి యింట పెరిగి, మన ఆకలిని, అలసటను ఎరిగినవాడాయెను గదా.

కొట్టు తలుపు ఎక్కించిన వారమే మేము ఇద్దరము మధ్యాహ్నపు వేళ చెరువుగట్టునకు పోతిమి. మంద నీడకు చేరియుండెను. అతడు మమ్మును చూచి లేచి నిలిచెను గాని, చాలసేపు మాటలాడలేదు. క్షమించుమని అడిగితిమి. అతనికంటె మాకే అది కష్టమైనది. తరువాత తప్పిపోయిన గొఱ్ఱె ఉపమానము చదివి, తొంబదితొమ్మిదింటిని విడిచి కాపరి ఒకదానికొరకు పోయెనని చెప్పితిమి. వాటిని ఎవరు చూచుదురని మాలో ఒకరము అతనినే అడిగితిమి. ప్రసంగములు విని ముప్పది యేండ్లయినను మాకెన్నడు తెలియని సంగతి అది.

“పక్క మందోడికి అప్పజెప్పి పోతామండీ,” అనెను. “ఆడిది తప్పిపోతే మేం చూస్తాం. కానీ అయ్యగారూ, పొద్దు గూకేలోగా ఎతకాలి.”

వచ్చే బుధవారము మధ్యాహ్నము మరల పోవుచున్నాము. మీరు ప్రార్థించుడి.